కత్తెర పెట్టె

ఉప్పుకాలవ దాటే పడవలో నర్సు ఎలిశబెతు ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు. పడవ నడిపే ఆదెయ్య గడకర్ర నీళ్ళలోకి దించుతూ, "కామమ్మ నీళ్ళాడిందమ్మా. తెల్లారుజామున. మొగబిడ్డ," అన్నాడు.

ఆమెకు ముందు సంతోషం, దాని వెనకాలే కోపం వచ్చాయి. నొప్పులు మొదలైతే ఏ వేళయినా సరే కబురు పెట్టమని నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కబురు రాలేదు. కాలవకు ఈవల మెటర్నిటీ సెంటర్లో ఆమె ఇంకా మంచం దిగకముందే, ఆవల మొగిలిపాలెంలో బిడ్డ పుట్టేశాడు.

"పురుడు ఎవరు పోశారు?"

"ఇంకెవురు? నాగులమ్మే."

"కత్తెర పెట్టె తీసిందా?"

"అయ్యన్నీ మొగోళ్ళకి యాడ తెలుస్తాయమ్మా," అని ఆదెయ్య గడకర్ర మీదికి వాలాడు.

ఎలిశబెతు ఒళ్ళో తోలుసంచి, అందులో రిజిస్టరు. 1961 ఆగస్టు అని రాసిన పుటలో నాలుగో వరస కామమ్మది. మునుపటి కాన్పులు రెండు, బతికినవి లేవు. రెండుసార్లూ బిడ్డ పుట్టినప్పుడు నిక్షేపంలా ఉన్నాడు. రెండుసార్లూ ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుపోయాయి. పాలెంలో దాన్ని ఎనిమిదోనాటి గండం అంటారు, సెంటర్లో ధనుర్వాతం అంటారు. ఏ పేరుతో పిలిచినా, అది వచ్చిన పసిబిడ్డ బతికి బట్టకట్టడం ఎలిశబెతు ఇంతవరకూ చూడలేదు. అయినా పోయిన నెల కామమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డ నీకు దక్కుతుంది, నాదీ పూచీ," అనేసింది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు అనకూడని మాట అది. అన్నాక ఆమె నాలిక కరుచుకుంది కానీ, కామమ్మ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

గుడిసెలో నులక మంచానికి పాతచీర అడ్డం కట్టి ఉంది. దాని వెనక కామమ్మ పక్కకు తిరిగి పడుకుని, బిడ్డ మొహంలోకి చూస్తోంది. నర్సమ్మను చూడగానే నవ్వింది. "నొప్పులు ఎగబడి వచ్చినాయమ్మా, కబురు చేసే సందు లేకపోయె," అంది, తిట్లకు ముందే అడ్డం పడుతూ. తిట్టడానికి ఎలిశబెతుకూ నోరు రాలేదు. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని గుడ్డ విప్పింది. బొడ్డు రెండు చోట్ల దారంతో ముడివేసి ఉంది, ముళ్ళ మధ్య కోత తిన్నగా తెగి ఉంది. బూడిద లేదు, పేడ లేదు, పసుపు లేదు. బిడ్డ ఆమె చిటికెనవేలు పట్టుకుని వదల్లేదు.

మంత్రసాని నాగులమ్మ గడప పక్కన గొంతుక్కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. పాలెంలో సగం మంది ఆ చేతుల్లో పడి ఏడ్చినవాళ్ళే. మూడు నెలల కిందట సర్కారువాళ్ళు పాలేనికొక మంత్రసానిని ఎంచి, పదిహేను రోజులు నేర్పించి, తలా ఒక అల్యూమినియం పెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, చిమ్టా, దారం, సబ్బు, గోళ్ళ బ్రష్షు, చిన్న గిన్నె, గుడ్డ. మొగిలిపాలెం పెట్టె నాగులమ్మది. దాన్ని వాడిన మొదటి కాన్పు ఇదే.

ఎలిశబెతు అచ్చుకాయితం తీసి అడగడం మొదలుపెట్టింది. "చేతులు కడుక్కున్నావా అవ్వా?"

"మోచేతుల దాకా. సబ్బు సగం అరిగిపోయింది చూడు."

"గోళ్ళు?"

"బురుసుతో రుద్దినా. మంట పుట్టింది."

"కత్తెరా దారమూ ఎంతసేపు మరగబెట్టావు?"

"ఇరవై నిమిషాలంటే నాకేం తెలుస్తాదమ్మా. నువ్వు చెప్పినట్టే, కొబ్బరిమట్ట ఒకటి నిలువునా కాలి బూడిదయ్యేదాకా మరగనిచ్చినా."

"దేంతో కోశావు? నిజం చెప్పు."

"కత్తెరతోనే. పాత కత్తిని చూరులోనించి తియ్యను కూడా తియ్యలా."

"బొడ్డు మీద ఏం పెట్టావు?"

"ఏం పెట్టలా. బూడిద తియ్యబోయి చెయ్యి ఆపుకున్నా, నువ్వు తిడతావని."

కామమ్మ మంచం మీదనించి నవ్వింది. అత్త అంకాలమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కాయితంలో ఉన్నవి ఆ అయిదు ప్రశ్నలే. అయిదింటికీ ఎలిశబెతు సరి అని గుర్తు పెట్టింది. ఆ తరవాత పెట్టె తెరిచి చూసింది. అన్నీ కడిగి, తుడిచి, ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. కత్తెర పిడి మీద కుంకుమబొట్టు, పెట్టె అడుగున నాలుగు ఇసకరేణువులు. పెట్టె వచ్చిన రోజున పాలెమంతా దాన్ని గంగమ్మ ముందు పెట్టి పూజ చేశాక కానీ ఇంట్లోకి తీసుకోలేదు. ఆనాటి బొట్టే కాబోలు అనుకుంది. ఇక ఇసక అంటారా, మొగిలిపాలెంలో తాగే నీళ్ళలోనూ తినే అన్నంలోనూ ఇసకే. తమ వస్తువు అనుకుంటే కదా బొట్టు పెట్టుకుంటారు అని ఆమెకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

మూడో రోజున వచ్చి చూసింది, బిడ్డ గుక్క తిప్పుకోకుండా పాలు తాగుతున్నాడు. అయిదో రోజున వచ్చేసరికి బొడ్డు ఊడింది. ఊడిన చోట కాస్త చెమ్మ ఉంటే, తుడిచి మందుపొడి చల్లింది. కామమ్మ గోడకు బొగ్గుతో గీసిన అయిదు గీతలు చూపించింది. ఇంకా మూడు గీతలు మిగిలి ఉన్నాయి.

ఎనిమిదో రోజు మంగళవారం. ఎలిశబెతు పొద్దున్నే మొదటి పడవకే వచ్చింది. ఈ ఒక్క రోజూ గడిపేస్తే ఇక భయం తగ్గినట్టే అని దారిపొడవునా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. కామమ్మ మొగుడు చిన్నపోలయ్య ఆ రోజు వేటకు పోలేదు. గుడిసె ముందు ఎండలో పరిచిన వల దగ్గర కూర్చుని, తెగని చోట కూడా పురికొస వేసి ముడి మీద ముడి వేస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"నిన్న సందకాడ దాకా బాగానే తాగినాడమ్మా," అంది కామమ్మ. "కోడి కూసిన కాడినించి నోరు తెరవడం ల్యా."

ఎలిశబెతు చేతులు కడుక్కుని, చిటికెనవేలు బిడ్డ పెదాల మధ్య పెట్టింది. పెదాలు విడివడ్డాయి, చిగుళ్ళు విడివడలేదు. అంత చిన్న దవడలో అంత బిగువు ఎక్కడినించి వస్తుందో. నుదురు ముడతలు పడి, పెదాల కొసలు వెనక్కి లాక్కుపోయి, చూడనివాళ్ళకు నవ్వుతున్నట్టే ఉంది మొహం. బయట ఎవరో చెంబు కింద పెట్టిన చప్పుడుకి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుని, వెన్ను విల్లులా వంగి, మళ్ళీ సడలింది.

"అదేనా అమ్మా?" అని అడిగింది కామమ్మ.

"కాదు," అంది ఎలిశబెతు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఇంత పచ్చిగా అబద్ధం ఆడటం ఇదే మొదటిసారి. "జలుబు చేసినట్టుంది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపోదాం. సూది వేస్తారు."

కామమ్మ లేవబోయింది. పురుడు తీరకుండా గడప దాటితే పాలెమంతా మునిగిపోతుందని అంకాలమ్మ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. వాదించే వ్యవధి లేదు. కామమ్మ తన పాతచీరను నాలుగు మడతలు వేసి, బిడ్డను అందులో చుట్టి, మొగుడి చేతుల్లో పెట్టింది. పెట్టిన తరవాత ఆమె చేతులు కాసేపు అలాగే చాచి ఉండిపోయాయి.

కాలవ దాటి, ఇసకదారిన మైలున్నర నడిచి, రోడ్డెక్కి నిలబడితే మైపాడు బస్సు వచ్చింది. చేపల గంపలు, ఉప్పు బస్తాలు, జనం. పిల్లవాడి మీద ఏదీ తగలకుండా చిన్నపోలయ్య రెండు మోచేతులూ ఎడంగా పెట్టి కూర్చున్నాడు. బస్సు కదిలి ఎద్దుబండిని దాటుతూ హారను కొట్టింది. బిడ్డ ఒళ్ళు బిగుసుకుని నీలం తిరిగింది. ఎలిశబెతు రెండు అరచేతులతో వాడి చెవులు మూసింది. బిగువు సడలగానే లేచి, గంపలు దాటుకుంటూ ముందుకు వెళ్ళింది.

"అన్నా, దయచేసి హారను కొట్టొద్దు. పసిబిడ్డకి పడదు."

డ్రైవరు నడివయసు మనిషి. వెనక్కి తిరిగి చిన్నపోలయ్య ఒళ్ళోకి చూశాడు. అక్కడినించి బండ్లు ఎదురైనా, గొర్రెల మంద అడ్డం వచ్చినా, కిటికీలోనించి చెయ్యి బయటికి చాపి ఊపుతూ, పక్కకు జరిగేదాకా ఆగుతూ నడిపాడు. ఆలస్యమవుతోందని ఎవరో గొణిగితే కండక్టరు వాళ్ళ వైపు ఒక చూపు చూశాడు. బస్సంతా గుసగుసల్లోకి దిగింది. ఆ జనం ఒకరికొకరు ఏమీ కారు, అయినా అందరూ కలిసి ఆ బిడ్డకు నిశ్శబ్దం ఇచ్చారు. ఎలిశబెతుకు ఏడుపు వచ్చింది ఆ ఒక్క చోటే.

ఊరు ఇంకా రెండు మైళ్ళు ఉందనగా, ఆమె అరచేతుల కింద తల బరువు మారింది. వేలు ముక్కు దగ్గర పెట్టి చూసింది. మెడ కింద పెట్టి చూసింది. చేతులు చెవుల మీదనించి తియ్యకుండా అలాగే ఉంచింది. ముందు కంకర బండి ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంది, డ్రైవరు హారను కొట్టకుండా ఓపిగ్గా ఆగాడు. ఇక కొట్టుకోవచ్చు అన్నా అని ఆమె చెప్పలేదు.

"నిదరపోయినాడు గదమ్మా," అన్నాడు చిన్నపోలయ్య మెల్లగా. "సూదికి ముందే తగ్గినట్టుండాది."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇక్కడ దిగుదాం పోలయ్యా," అంది.

అతను కిటికీలోనించి బయటికి చూశాడు. ఆసుపత్రి లేదు, ఊరు లేదు, వరి కయ్యలు, ఒక నీళ్ళ మడుగు. తరవాత తన ఒళ్ళోకి చూసుకున్నాడు. చీర కొసతో బిడ్డ మొహం కప్పి, లేచి, గంపల మధ్యనించి ఎవరికీ తగలకుండా నడిచి దిగాడు. ఎండిపోయిన కాలవగట్టు మీద ఇద్దరూ వెనక్కి నడిచారు. దారిలో రెండు బస్సులు వాళ్ళను దాటిపోయాయి, అతను దేనికీ చెయ్యి ఎత్తలేదు.

శుక్రవారం సెంటర్లో డాక్టరు మరణాల కాయితం మీద సంతకం పెడుతూ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఇరవై పల్లెలకు ఒక్కడే.

"పాత కత్తే వాడి ఉంటుంది. పెట్టె ఇచ్చేది దాచుకోడానికి అనుకుంటారు. మిమ్మల్ని చూసి అన్నిటికీ అవునని చెప్పింది. ఆ మంత్రసాని పేరు కొట్టేసి, పెట్టె వెనక్కి తెచ్చెయ్యండి. ఇంకొకరికి ఇద్దాం."

ఎలిశబెతు అవునండి అంది. అని ఊరుకోక, నమ్మింది కూడా. మరగబెట్టిన కత్తెరతో తెగిన బొడ్డుకు ఆ విషం ఎలా వస్తుంది? ముసలిది అబద్ధం ఆడింది. అలా అనుకుంటే కడుపులో రగులుతున్నది ఒక మనిషి మీదికి మళ్ళుతుంది, కాస్త ఊపిరి ఆడుతుంది. కారణం అన్న గడిలో "మంత్రసాని నిర్లక్ష్యం" అని తన చేత్తోనే రాసింది. రాత గుండ్రంగా, అందంగా వచ్చింది.

మధ్యాన్నం పాలెం వెళ్ళేసరికి అక్కడ తీర్పు అప్పటికే అయిపోయి ఉంది. కాన్పు దగ్గర పడిన ఒక పిల్లను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. నాగులమ్మ చెయ్యి మంచిది కాదని బావి దగ్గర బాహాటంగానే అంటున్నారు. కామమ్మ గుడిసె ముందునించే పోవాలి. కామమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పాలు చేపి రవిక ముందంతా తడిసిపోయి ఉంది. ఎలిశబెతును చూసింది. పూచీ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

నాగులమ్మ గుడిసెలో ఒక్కతే ఉంది. ఎలిశబెతు కూర్చోలేదు.

"పాత కత్తి ఎక్కడుంది అవ్వా?"

ముసలామె లేచి చూరులో చెయ్యి పెట్టి తీసి ఇచ్చింది. తుప్పు, దాని మీద సాలెగూడు. అది నెలల తరబడి అక్కడినించి కదలలేదని చూస్తేనే తెలుస్తోంది. ఎలిశబెతు కోపం ఆ సాలెగూటి దగ్గర ఆగింది.

"అయితే నువ్వేం చేశావో చేసి చూపించు. నొప్పులొచ్చిన కాడినించి. ఒక్కటి కూడా వదలొద్దు."

నాగులమ్మ పెట్టె దించి, మూత తీసి, గుడ్డ పరిచింది. పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్ళు పోసి, కత్తెరా దారమూ అందులో వేసి, కొబ్బరిమట్ట అంటించింది. అది కాలుతున్నంతసేపూ చేతులు కడుక్కుంది. ముందు అరచేతులు, తరవాత వేళ్ళ సందులు, మోచేతుల దాకా. బ్రష్షుతో ఒక్కొక్క గోరూ రుద్దింది. సెంటర్లో తెల్లచీరల నర్సు పిల్లలు కూడా అంత శ్రద్ధగా చెయ్యరు. మట్ట బూడిదయ్యాక చిమ్టాతో కత్తెర పైకి తీసి, నీళ్ళు కారనిచ్చి, గుడ్డ మీద పెట్టింది. ఎలిశబెతు ఊపిరి బిగపట్టి చూస్తోంది. తప్పు పట్టడానికి ఎక్కడా ఏమీ లేదు.

అప్పుడు నాగులమ్మ కత్తెర చేతిలోకి తీసుకుని, లేచి, వెనక తడిక తీసుకుని పెరట్లోకి నడిచింది.

అక్కడ కానగచెట్టు కింద గంగమ్మ. విగ్రహం లేదు. తడి మన్నూ ఇసకా కలిపి ఎత్తిన మోకాలెత్తు దిబ్బ, దానికి పసుపు, మీద వేపమండ. చుట్టూ నీడలో నాలుగు మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి. నేలంతా వాటి పెంటికలే. నాగులమ్మ ఒక మేకను కాలితో జరిపి, వంగి, కత్తెర మొనను దిబ్బ అడుగున రెండంగుళాల లోతు గుచ్చింది. తీసి కళ్ళకు అద్దుకుని, కొంగుతో తుడిచి, పిడికి కుంకుమ పెట్టింది.

"ఇప్పుడు పోయి కోసినా," అంది.

ఎలిశబెతు తడిక పట్టుకుని నిలబడింది. "ఇది నాకు ఎందుకు చెప్పలేదు అవ్వా?" అంది.

"నువ్వు అడగలేదు గదమ్మా. అడిగినవన్నీ చెప్పినా. దీన్ని వేరే చెప్పాల్నా? కొత్త వల అయినా, కొత్త తెప్ప అయినా గంగమ్మకి తాకించకుండా నీళ్ళలో దించుతామా? బిడ్డకి తగిలే ఇనుము తాకించమా?" ముసలామె ఆశ్చర్యంగా చూసింది. "పెట్టె వచ్చిన దినాన ఈడే పెట్టినాం. నువ్వు కూడా సంచి కింద పెట్టి దణ్ణం పెట్టినావు గదా."

పెట్టింది. ఆదివారం ప్రార్థన తప్పని ఎలిశబెతు ఆ రోజున ఈ దిబ్బ ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది. ఒక్క దణ్ణం పెడితే నా సొమ్మేం పోయింది, వీళ్ళ గుమ్మాలు తెరుచుకుంటాయి అనుకుంది. తెరుచుకున్నాయి కూడా. మేకలు ఆ రోజూ ఇక్కడే ఉన్నాయి. పెంటికలు తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవడం ఆమెకు బాగా గుర్తుంది.

ఆమె నేల మీద కూర్చుంది. సంచిలో తాను గుండ్రంగా రాసిన కాయితం ఉంది. ఆ మాట ఈ మనిషి నెత్తిన పడి ఉండకూడదు, అంతవరకే ఆలోచించింది.

"నీ చేతిలో తప్పు లేదు అవ్వా. పశువులు పడుకునే మన్నులో ఒక విషం ఉంటుంది, కంటికి కనపడదు. అది ఇనుముకి అంటుకుని బొడ్డులోకి పోయింది. మరగబెట్టినాక దాన్ని దేనికీ తాకించకూడదు. ఆ సంగతి చెప్పాల్సింది నేను. నేను చెప్పలేదు. తప్పు నాది."

నాగులమ్మ కత్తెర వైపు చూసింది, దిబ్బ వైపు చూసింది. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఈ కత్తెరకేనా అమ్మా? పాత కత్తికి కూడానా?"

కాదని చెప్పి ఉండవలసింది. మంగళవారం కామమ్మకు చెప్పిన అబద్ధం ఈ రోజు ఈమెకు చెప్పి ఉండవలసింది. కానీ ఎలిశబెతు నిజం చెప్పి బరువు దించుకుంటున్న ఊపులో ఉంది. "ఏ ఇనుముకైనా అంతే," అనేసింది.

ముసలామె తలాడించింది. "దాన్ని కూడా ఈడ గుచ్చే తీసేదాన్ని," అంది. "ప్రతి కాన్పుకీ."

ఆ తరవాత ఆమె ఎడమచెయ్యి తెరిచి మోకాలి మీద పెట్టుకుంది. చిటికెనవేలితో మొదలుపెట్టింది. "కామమ్మ బిడ్డలు ముగ్గురు," అంటూ మూడు వేళ్ళు మడిచింది. "అంకాలమ్మ నడిపోడు." నాలుగో వేలు. "గంగులయ్య పెళ్ళాం కవలలు. ఒకడు ఎనిమిదో దినం, ఇంకొకడు తొమ్మిదో దినం." కుడిచెయ్యి తెరిచింది.

"లెక్క పెట్టొద్దు అవ్వా. అందరూ దానివల్లే అని ఎట్లా చెప్పగలం?"

"ఉండమ్మా. మధ్యలో మాట్లాడితే మరిచిపోతా."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎవరి గుడిసె, ఏ కాలం, ఆడబిడ్డా మొగబిడ్డా, నిదానంగా చెపుతోంది. తుఫాను ఏడాది ఇద్దరు. ముత్యాలయ్య చెల్లెలి తొలిచూలు. పేర్లు పెట్టకుండానే పోయినవాళ్ళు కాబట్టి తల్లుల పేర్లతోనే చెపుతోంది. కాలవ ఒడ్డునించి ఆదెయ్య ఆఖరి పడవకు కేక వేశాడు. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు. మేక ఒకటి వచ్చి పెట్టెను వాసన చూసి పోయింది.

పది వేళ్ళూ మడుచుకున్నాయి. నాగులమ్మ రెండు పిడికిళ్ళ వైపు కాసేపు చూసుకుంది. తరవాత ఎలిశబెతు చెయ్యి లాక్కుని, తన ఒళ్ళో తెరిచి పెట్టుకుంది.

"నావి చాలలేదమ్మా," అంది. ఎలిశబెతు చిటికెనవేలు పట్టుకుని మెల్లగా మడిచింది. "ఇది నా కూతురి బిడ్డ."